ఢిల్లీ బర్గరు – కొన్ని అభిప్రాయాలు

ఈ సంవత్సరపు సంచికకు విజ్ఞానయాత్రను గూర్చి ఏదైనా వ్రాసి ఇవ్వవలసినదిగా సంపాదకవర్గం వారు మమ్ము కోరినారు. విచారించగా, ఎఱ్ఱకోటను గూర్చి చరిత్రశాఖ మిత్రులు అప్పటికే వ్రాస్తున్నారని తెలిసింది. పార్లమెంటు భవనం బి.ఏ. చివరి సంవత్సరపు విద్యార్థిని ఒకామె వంతు. కుతుబ్ మీనారును, గాలిబు సమాధిని ఉర్దూ విభాగం వారు పంచుకున్నారు. మాకు మిగిలినది బర్గరు. నవ్వదలచినవారు ఇక్కడే నవ్వుకొని పుట త్రిప్పవచ్చును; మిగిలినవారితో కొంత మాట్లాడవలసి ఉన్నది.

ఎందుకనగా, ఆరు రోజుల యాత్రలో మా వెంట వచ్చిన నలభైరెండుమంది విద్యార్థులు అడిగిన ప్రశ్నలన్నింటిలోను ఎక్కువసార్లు వినవచ్చినది ఇదే: "సార్, ఢిల్లీలో మంచి బర్గరు ఎక్కడ దొరుకుతుంది?" కర్నూలు మీదుగా నిజాముద్దీనుకు పోయే సంపర్క్ క్రాంతి రైలు తుంగభద్ర దాటకముందే ఈ ప్రశ్న మొదలైనది. నాగపూరు వచ్చేసరికి దానిపై రెండు పక్షాలు ఏర్పడినవి. భోపాలులో ఒక పక్షం చీలినది. ఇంత శ్రద్ధగల వాదం మా తరగతిలో ఏ ప్రబంధనాయికను గూర్చీ జరుగగా మేమెరుగము.

అప్పుడు మావద్ద సమాధానం లేదు. ఇప్పుడు ఉన్నది. అందులో కొంత విద్యార్థులకు, కొంత కళాశాల కమిటీ వారికి చెప్పవలసినది.

మొదట ఒక పాత సందేహాన్ని తీర్చుకుందాము. యాత్రకు నెల రోజుల ముందు జరిగిన కమిటీ సమావేశంలో, మాకు పితృతుల్యులైన ఒక హాజీ సాహెబుగారు, "పిల్లలు హాంబర్గర్లు తింటామంటున్నారట. హాం అంటే పందిమాంసం కదా, మాస్టరుగారూ? మన కాలేజీ పిల్లలను మనమే తీసుకొనిపోయి అది తినిపించడమా?" అని అడిగినారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ప్రశ్న హాస్యాస్పదమైనదేమీ కాదు. మన పట్టణంలో చాల ఇండ్లలో ఈ సందేహం ఉన్నది. మా ఇంటిలోనూ ఒకప్పుడు ఉండేది. పదాలను విడదీయడం మా వృత్తి గనుక సమాధానం చెప్పే భారం మా మీద పడినది. అది హాం, బర్గరు అని విడదీయవలసిన మాట కాదని, హాంబర్గు అనే ఊరిపేరు మీద 'అక్కడిది' అనే అర్థమిచ్చే ప్రత్యయం చేరిన మాటయని మనవి చేసినాము.

హాంబర్గు జర్మనీదేశపు ఉత్తరభాగంలోని ఓడరేవు. సన్నగా తరిగిన గొడ్డుమాంసాన్ని బిళ్ళగా చేసి కాల్చే వంటకానికి ఆ ఊరిపేరు అంటుకొన్నది. 19వ శతాబ్దంలో వలసపోయిన జర్మనులతోపాటు ఆ పేరు అమెరికా చేరినది. అక్కడ దానిని రెండు రొట్టెముక్కల నడుమ పెట్టినారు. మొదట పెట్టినవాడు మా ఊరివాడేయని అక్కడ నాలుగైదు ఊళ్ళవారు పోట్లాడుకుంటూ ఉంటారు. ఆ తగవులో మనకు పని లేదు. 1921లో కాన్సాస్ రాష్ట్రపు విచిటా పట్టణంలో వైట్ కాజిల్ అనే దుకాణం, 1948లో కాలిఫోర్నియాలోని సాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డు సోదరుల దుకాణం, దానిని కర్మాగారపు వస్తువువలె త్వరగాను చౌకగాను తయారుచేసే పద్ధతిని నిలబెట్టినవి. తరువాత అమెరికావారే మన హాజీ సాహెబుగారివలె మాటను తప్పుగా విడదీసి, 'బర్గరు'ను వేరుచేసి, దానికి ముందు చీజు, చికెను మున్నగువానిని తగిలించినారు. తప్పు పదచ్ఛేదం నుండి పుట్టిన మాట లోకమంతటా చెల్లుబాటు కావడం భాషాశాస్త్రం చదివేవారికి మంచి ఉదాహరణ. పరీక్షలో వ్రాస్తే మార్కులు వేస్తాము.

హాజీ సాహెబుగారు శ్రద్ధగా విని, "పేరు సంగతి సరే. మాంసం సంగతి?" అన్నారు. ఇది సరియైన ప్రశ్న.

ఢిల్లీవారికి ఈ వంటకాన్ని అలవాటు చేసినది నిరూలా కుటుంబం. 1934లో కన్నాట్ ప్లేసులో హోటలు పెట్టిన ఆ కుటుంబమే 1977లో అక్కడ ఫాస్ట్ ఫుడ్ దుకాణం నడుపనారంభించినది. ఆ రోజులలో ఢిల్లీలో చదువుకొన్నవారిని కదిపితే బర్గరుకంటె ముందు మార్కుల జాబితాను గూర్చి చెబుతారు. పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లలు జాబితా చూపితే అక్కడ ఐస్‌క్రీము ఉచితంగా ఇచ్చేవారు. మన క్యాంటీను కాంట్రాక్టరుగారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవలసినదిగా కోరుతున్నాము. 2006లో ఆ సంస్థ చేతులు మారినది. దుకాణాలు బాగా తగ్గిపోయినవి.

1996 అక్టోబరు 13వ తేదీన వసంత్ విహారులోని బసంత్ లోక్‌లో మెక్‌డొనాల్డ్స్ వారి మొదటి భారతీయ దుకాణం తెరువబడినది. ప్రపంచం మొత్తం మీద గొడ్డుమాంసం లేకుండా నడచిన వారి మొదటి దుకాణం అదే. అమెరికాలో బిగ్ మాక్ అనబడేది ఇక్కడ మహారాజా మాక్ అయినది. మొదట గొఱ్ఱెమాంసంతో, తరువాత కోడిమాంసంతో. 2014 నవంబరులో సాకేతులోని సెలెక్ట్ సిటీవాక్ మాలులో బర్గర్ కింగ్ వారు వచ్చినప్పుడూ ఇదే నియమం: గొడ్డు లేదు, పంది లేదు. ఒకరి మనస్సు నొవ్వకుండా ఒకటి, మరొకరి మనస్సు నొవ్వకుండా మరొకటి తీసివేసి, ఇద్దరూ ప్రక్కప్రక్కన కూర్చుండి తినదగిన బల్లను వ్యాపారి ఒకటి వేసినాడు. లాభం కొరకే వేసినాడు, నిజమే. మన ఊళ్ళలో అటువంటి బల్లలు ఎన్ని ఉన్నవో లెక్కపెట్టి చూచుకొన్న తరువాత అతని లాభాపేక్షను నిందిద్దాము.

రుచి మాట వేరు. రొట్టెపొడి పట్టించి నూనెలో వేయించిన కోడిమాంసపు బిళ్ళ మా దృష్టిలో బర్గరు కాదు, అది కట్లెట్టు. పైన ఎంత మయొనేసు పూసినా కట్లెట్టే. ఆలూటిక్కీ బర్గరును గూర్చి మాత్రం చాలమంది పెద్దమనుషులు ముఖం చిట్లిస్తారు; వారితో మేము ఏకీభవింపము. పెనం మీద చిటపటలాడే ఆలూటిక్కీ ఆ వీధులలో పుట్టి పెరిగినది. విదేశపు రొట్టెలో దూరికూడ తన భాషను మరచిపోలేదు. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న విద్యార్థి ఆ గాజు తలుపుల లోపలికి అడుగుపెట్టవలసి వస్తే అదే తినవలెను. డబ్బు ఎక్కువగా ఉన్నవాడూ అదే తినవచ్చును.

ఇక హాజీ సాహెబుగారి ప్రశ్న. ఢిల్లీలో 1994 నాటి పశుసంరక్షణ చట్టం ప్రకారం ఆవును, ఎద్దును, దూడను వధించడమే గాక, బయటి రాష్ట్రంనుండి తెచ్చిన ఆ మాంసాన్ని దగ్గర ఉంచుకొనడం కూడ నేరము. గేదె ఆ చట్టంలో చేరలేదు. కాబట్టి జామామసీదు వీధులలో 'బడే కా' అంటే గేదెమాంసము, 'ఛోటే కా' అంటే మేక. మన వద్ద పెద్దకూర, చిన్నకూర అన్నట్లే. తెలియని ఊరికి పోయే విద్యార్థి ఈ రెండు మాటలు నేర్చుకొని పోవలెను.

హలాలు సంగతి. 2019 ఆగస్టులో మెక్‌డొనాల్డ్స్ ఇండియా వారు ఎవరో అడిగిన ప్రశ్నకు సమాధానంగా తమ దుకాణాలన్నింటికి హలాల్ ధ్రువపత్రాలున్నవని చెప్పగా, దానిమీద పెద్ద గొడవ లేచినది. వారి దుకాణాలను బహిష్కరింపుడని పిలుపులు వచ్చినవి. గొడవలోని కేకలను ప్రక్కన పెట్టి ఆలోచిస్తే ఒక మాట ఒప్పుకొనవలెను. సిక్కు సోదరులకు తమ ఆచారం ప్రకారం హలాలు మాంసం నిషిద్ధము. వారికీ అడిగి తెలుసుకొనే హక్కు ఉన్నది, మనకూ ఉన్నది. తినేది ఏమిటో అడగడంలో ఎవరికీ అవమానం లేదు. పిల్లలకు ఈ సంగతి చెప్పవలసిన అవసరం ఉన్నదని యాత్రకు ముందు మాకు తోచలేదు.

మూడవనాటి సాయంత్రం దక్షిణ ఢిల్లీలో ఒక మాలుకు పోయినాము. అందులోని దుకాణం పేరు ఇక్కడ అనవసరము. మా విద్యార్థులు గాజు తలుపు ముందు ఆగిపోయినారు. వక్తృత్వపోటీలో జిల్లా బహుమతి తెచ్చుకొన్న పిల్లవాడు సైతం హలాలా కాదా అని అడగడానికి నోరు రాక మా వంక చూచినాడు. వరుసలో వెనుకనున్నవారు ఏమనుకొంటారోయని. మేమే అడిగినాము. కౌంటరులోని అమ్మాయి "ఉంది సర్" అని గోడమీది చట్రంలోని కాగితం చూపి, తరువాతి మనిషిని పిలిచినది. పది సెకండ్లు పట్టలేదు. శాకాహారి ఐనవాడు 'ఇందులో గుడ్డు ఉన్నదా' అని అడిగేటప్పుడు గొంతు తగ్గించడు. మనమూ తగ్గించనవసరం లేదు, పెంచనవసరమూ లేదు.

కాని ఆ సాయంత్రం మా మనస్సులో నిలిచినది ఇది కాదు. బస్సెక్కి లెక్క చూచుకొనగా, నలభైరెండుమందిలో ముప్ఫైనలుగురు మాత్రమే తిన్నట్లు తేలినది. ఎనిమిదిమంది మాలు బయట మెట్లమీద కూర్చున్నారు. వారిలో ముగ్గురు ఆడపిల్లలు. కారణమడిగితే, ఒకనికి ఆకలి లేదు. ఒకనికి కడుపునొప్పి. ఇద్దరు నమాజుకు వేళయినదన్నారు. మగ్రిబుకు ఇంకను గంటకు పైగా ఉన్నది. ఆడపిల్లలు ఏమీ చెప్పలేదు. వారిలో ఒకామె చేతిసంచిలో ఇంటినుండి తెచ్చుకొన్న రొట్టెలు, మామిడికాయ పచ్చడి సీసా ఉన్నవి. మూడవ రోజుకు అవి ఎట్లుంటవో చెప్పనక్కరలేదు.

యాత్రారుసుములో రైలు, బస, బస్సు, ఉదయపు ఫలహారం చేరి ఉన్నవి. 'మధ్యాహ్న, రాత్రి భోజనములు విద్యార్థుల స్వంత ఖర్చు' అని కరపత్రంలో ఒక వాక్యం ఉన్నది. ఆ వాక్యాన్ని కూర్చినది మేమే. అచ్చుకు పోయేముందు మూడుసార్లు దిద్దినాము. భాషాదోషమేమీ లేదు దానిలో. రుసుము తక్కువగా కనబడితే ఎక్కువమంది పేదపిల్లలు వస్తారని మా ఆలోచన. వచ్చినారు, వచ్చి మెట్లమీద కూర్చున్నారు.

మరునాడు జామామసీదు. షాజహాను 1650లో మొదలుపెట్టించి 1656లో పూర్తి చేయించిన ఆ మసీదు ముందు ఇప్పుడు మెట్రో స్టేషను కూడ ఉన్నది, 2017లో తెరచినారు. దక్షిణపు ద్వారం మెట్లు దిగి వీధి దాటితే మటియా మహల్ బజారు. ప్రక్కసందులోని గలీ కబాబియాఁలో 1913 నుండి నడుస్తున్న కరీం హోటలు ఉన్నది. దాని కీర్తిని గూర్చి మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు; నలభైమందికిపైగా ఒక్కసారిగా కూర్చోబెట్టడం అక్కడివారికీ కష్టము, మాకూ కష్టము. కాబట్టి బజారులోనే, బొగ్గుల కుంపటిమీద సీఖులు కాలుస్తున్న ఒక చిన్న దుకాణం ముందు నిలిచినాము. ఈసారి డబ్బు మేమే ముందుగా ఇచ్చివేసినాము.

ముందటి సాయంత్రం కడుపునొప్పి వచ్చిన పిల్లవాడు ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవాడు, మొదటి సంవత్సరం. తరగతిలో చివరి బెంచి. తెలుగు వ్యాసాలలో ఒత్తులు మింగివేస్తాడు. మేము ఎఱ్ఱసిరాతో చుట్టి ఇస్తుంటాము. ఆనాడు కుంపటి ముందుకు పోయి, దుకాణదారుని చేతులవంక చూస్తూ, ప్రక్కవానితో ఏదో చెప్పనారంభించినాడు. కొంతసేపటికి అతనిచుట్టూ పదిమంది చేరినారు. మేమూ చేరినాము.

అతడు చెప్పినదాని సారాంశం ఇది. యంత్రంలో వేసిన కీమా నలిగి నీరు కారుతుంది. మొద్దుమీద కత్తితో కొట్టినది నలగదు. నూరుపాళ్ళలో ఇరవైపాళ్ళు కొవ్వు ఉండవలెను. తగ్గితే ఎండి పీచవుతుంది, పెరిగితే నిప్పుల్లోకి కారి మంట లేస్తుంది. సీఖుకు కీమాను ఉప్పు వేసి చేయి నొప్పిపుట్టేదాక పిసుకవలెను. అప్పుడే బంకగా మారి చువ్వను పట్టుకొంటుంది, లేకుంటే రాలి నిప్పుల్లో పడుతుంది. పచ్చి బొప్పాయి వేసేది మెత్తదనానికి. వక్తృత్వం పిల్లవాడు, "మరి బర్గరుకు?" అని అడిగినాడు. "దానికి పిసకకూడదు. ఉప్పుకూడ ముందు వేయకూడదు, కాల్చేటప్పుడే పైన చల్లాలి. పిసికితే రబ్బరవుతుంది. అది వదులుగా ఉండాలి" అని ఇతడు సమాధానం చెప్పినాడు. బర్గరు ఎన్నడైనా తిన్నావా అని అడిగితే, లేదన్నాడు. "నాన్న దుకాణంలో ఒక హోటలువాళ్ళు చేయించుకొని పోయేవాళ్ళు. నేనే కొట్టేవాణ్ణి."

అతని ప్రవేశపత్రంలో తండ్రి వృత్తి అనే చోట 'వ్యాపారము' అని ఉన్నది. మాకు గుర్తున్నది, ఎందుకనగా ఆ మాటలోని ఒత్తును కూడ మేమే దిద్దినాము. ఆ బజారులో, పొగలో నిలబడి, మాంసపుకొట్టువాని కొడుకునని అతడు అందరూ వినగా చెప్పినాడు. ఎవరూ నవ్వలేదు. ఒకడు మాత్రం, "ఇంకో సీఖు చెప్పు, భాయ్, నీకు తెలుసుకదా ఏది బాగా కాలిందో" అన్నాడు.

వ్యాకరణంలో ముందు లక్షణం, తరువాత లక్ష్యం చూస్తాము. కొట్టిన మాంసం, నిప్పు, రొట్టె, ఉల్లిపాయ, పుల్లని పచ్చడి – ఇదే బర్గరుకు లక్షణమైతే, ఢిల్లీలో అత్యుత్తమమైన బర్గరు మటియా మహల్ బజారులో రుమాలీ రొట్టెలో చుట్టి ఇవ్వబడుతున్నది. కాదు, గుండ్రని బన్ను ఉంటేనే ఒప్పుకొంటామనేవారితో మాకు వాదం లేదు. మన హైదరాబాదు శికంపూరును ఇరానీ హోటలు బన్నులో పెట్టి తిన్నవారికి మా మాట సులభంగా బోధపడుతుంది. ఇది మా ఇంటిలో మేము తరచుగా చేసే ప్రయోగము.

ఇక్కడితో ఆపితే సంతోషంగా ఉండేది. కాని ఆ రాత్రి మా పన్నెండుమంది విద్యార్థినులు ఆ బజారును చూడలేదు. చీకటిపడిన తరువాత ఆడపిల్లలను బజారులో త్రిప్పరాదని కమిటీ వారి నియమము. వారు ఇద్దరు అధ్యాపికలతో బస్సులో కూర్చున్నారు. వారి వంతు సీఖులు కాగితంలో చుట్టి పంపినాము. బస్సు దూరంగా నిలిపి ఉండుటచేత, ఇరుకుసందులలో రిక్షాలు దాటుకొంటూ పిల్లలు పట్టుకొనిపోయేసరికి అవి చల్లారినవి. చల్లారిన సీఖు మీద కొవ్వు తెల్లగా పేరుకొంటుంది. తరువాత ఒక విద్యార్థిని, "సార్, మీరు ఢిల్లీలో ఇదే అన్నింటికన్న బాగుంటుందన్నారట?" అని అడిగినది. వ్యంగ్యం లేదు, నిజంగానే అడిగినది. కాగితం ముడిచి సంచిలో వేసుకొన్నది. మావద్ద సమాధానం లేకపోయినది.

అయిదవనాడు జామియా మిల్లియాలో చదువుకొంటున్న మా పూర్వవిద్యార్థులు ఇద్దరు మమ్ము ఆహ్వానించినారు. 1920లో అలీగఢులో పుట్టి 1925లో ఢిల్లీ చేరిన ఆ విద్యాసంస్థను గూర్చి వేరొక వ్యాసం వ్రాయవలెను. దాని ప్రక్కన జాకిర్ నగర్, బట్లా హౌస్ అనే పేటలు ఉన్నవి. వీధులు ఇరుకు, తీగలు తలకు తగులునట్లుంటవి, రెండడుగులకు ఒక తినుబండారాల దుకాణం. హాస్టళ్ళలోను అద్దెగదులలోను ఉండే విద్యార్థులే అక్కడి ముఖ్యమైన ఖాతాదారులు గనుక ధరలు వారి జేబును చూచి పెట్టినవి. పూర్వవిద్యార్థులు మమ్మల్నందరినీ ఒక బర్గరు దుకాణానికి తీసుకొనిపోయినారు. నాలుగు బల్లలు, ఒక పెనం, ఒక నూనెబాణలి. నిష్పక్షపాతంగా చెప్పవలెనంటే కోడిమాంసపు బిళ్ళ కట్లెట్టే. మయొనేసు మోచేతులదాక కారినది. కాని బన్నును వెన్నతో పెనంమీద ఎఱ్ఱగా కాల్చి ఇచ్చినారు. పెద్ద దుకాణాలవారు ఈ శ్రమ పడరు. మాంసపుకొట్టు పిల్లవాడు బిళ్ళను విరిచి చూచి, "యంత్రం కీమా" అని, మిగిలినది పూర్తిగా తిన్నాడు.

పట్టపగలు. ఆ వీధులనిండ జామియా విద్యార్థినులు పుస్తకాలతో తిరుగుతున్నారు. వారి నడుమ మా పన్నెండుమంది నడచి వచ్చినారు, కూర్చున్నారు, వేడిగా తిన్నారు, రెండవది కూడ తెప్పించుకొన్నారు. ఆ రోజు సాయంత్రం లెక్క చూచుకొంటే నలభైరెండుకు నలభైరెండుమంది తిన్నారు. ఎవరికీ కడుపునొప్పి రాలేదు. ఢిల్లీలో బర్గరు ఎక్కడ తినవలెనని ఇకమీదట మమ్మెవరైనా అడిగితే, రుచికి మటియా మహల్ అని, మనవారందరితో కలిసి తినడానికి బట్లా హౌస్ అని చెబుతాము. ఆంధ్రాభవను భోజనాన్ని గూర్చి ఢిల్లీ పోయిన ప్రతి తెలుగువాడూ వ్రాస్తాడు గనుక మేము వదలివేస్తున్నాము. పప్పు మాత్రం మూడుసార్లు వడ్డించుకొన్నాము.

మిత్రుడొకరు ఈ వ్యాసపు చిత్తుప్రతి చదివి, "పిల్లలకు బర్గర్లు పెట్టడం కాలేజీ పనా?" అని ప్రశ్నించినారు. కాదు. కాని పిల్లలను వేయి మైళ్ళు తీసుకొనిపోయి, ఎవరు తిన్నారో ఎవరు మెట్లమీద కూర్చున్నారో చూడకుండా ఉండడం కూడ కాలేజీ పని కాదు. యాత్రకు రాలేకపోయిన పిల్లవానికి కారణం అందరికీ తెలుస్తుంది. వచ్చి తినలేకపోయిన పిల్లవాడు కారణాన్ని కల్పించుకోవలసి వస్తుంది. మొదటిదానికంటె రెండవది కష్టము. అందుచేత రెండు పూటల భోజనాన్ని రుసుములోనే చేర్చి, ఆ పెరిగిన భాగాన్ని భరించలేనివారి తరఫున విద్యార్థి సహాయనిధి నుండి చెల్లించవలసినదిగా కోరుతున్నాము. చెల్లించిన సంగతి ఆఫీసులోని ఒక్క గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియరాదు. ఖర్చు పెరుగుతుంది. ఆరు రోజుల యాత్రను అయిదు రోజులకు కుదించినా సరే, నష్టం లేదని మా అభిప్రాయము. నిజానికి ఆరవరోజు మేము ఒక మార్కెట్టులో చెప్పుల బేరం చేస్తూ గడిపినాము.

ఆడపిల్లల నియమాన్ని ఎత్తివేయమని మేము కోరడం లేదు. తల్లిదండ్రులు మా మాటమీద పంపినారు, ఆ బాధ్యత మాకు తెలుసు. బజారును అసరు నమాజుకు ముందే పెట్టుకుంటే చాలును. కుంపటి మధ్యాహ్నంకూడ మండుతూనే ఉంటుంది. కార్యక్రమపట్టికలో రెండు వరుసలను అటు ఇటు మార్చడం తప్ప ఇందులో ఎవరికీ ఖర్చు లేదు.

వచ్చే సంవత్సరం లక్నోకు పోదామని ఆలోచన జరుగుతున్నది. వంటకాలకు పేరుపొందిన సృజనాత్మక నగరాలని యునెస్కోవారు కూర్చిన జాబితాలో 2019లో మన హైదరాబాదు చేరినది. 2025లో లక్నో చేరినది. చౌకులో 1905 నాటి టుండే కబాబీ దుకాణం ఉన్నది. పళ్ళూడిన నవాబు కొరకు నాలుకతోనే నలిగిపోయేంత మెత్తగా చేయించినారని అక్కడి గలావటీ కబాబును గూర్చి ఒక కథ చెబుతారు. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు మాంసపుకొట్టు పిల్లవాడు – ఇప్పుడు రెండవ సంవత్సరం, ముందు బెంచి – లేచి, "అంత మెత్తగా ఉంటే బన్నులో నిలవదు సార్, పరాటాతోనే తినాలి. పోయి చూసి చెబుతాను" అన్నాడు. అంచనాపత్రం తయారైనది. భోజనాల గడిలో అంకెలు వేసినాము. హాజీ సాహెబుగారు చూచి సంతకం చేసినారు. మిగిలిన సభ్యుల సంతకాలు కావలసి ఉన్నవి.